పాత ట్రాక్టర్ ఇంజన్‌కి పని చేయించాలా, కొత్త బండి కొనాలా? గంటల లెక్క వేసి చూద్దాం



ఈ వీడియోలో మా ట్రాక్టర్ ఇంజన్ ఊడదీసి, పట్టా మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉండటం చూస్తారు. ఎప్పుడూ జీవామృతం, కషాయాలు చెప్పేవాడు ఇవాళ పిస్టన్లు పట్టుకున్నాడేంటి అనుకోవచ్చు. ఎరువుల షాపుకి పోయే డబ్బు మిగుల్చుకోవడానికే కదా మనం ఇంత తిప్పలు పడేది. ఆ మిగిలిందంతా తీసుకెళ్లి ట్రాక్టర్ కిస్తీలో పోస్తే, ఎరువుల అప్పు పోయి బండి అప్పు వచ్చినట్టే. కాబట్టి ఇది మన విషయమే.

మా బండి 36 హెచ్.పి., మూడు సిలిండర్లు, 2004లో కొన్నది. పోయిన సార్వా దమ్ములప్పటి నుంచి పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయిస్తోంది. ఎక్కినాక నీలం పొగ. వారానికి లీటరు ఇంజనాయిల్ పోయాల్సి వస్తోంది. మెకానిక్‌ని పిలిస్తే గొంతు విని, పొగ చూసి, "బోరుకొచ్చేసింది బాబాయ్, ఇంజన్ దించాల్సిందే" అన్నాడు. షోరూమ్ వాళ్లు, "20 ఏళ్ల బండికి డబ్బులు పెట్టడమేంటండీ, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయండి, రేపే కొత్తది ఇంటి ముందు పెడతాం" అన్నారు. మా అబ్బాయి కూడా వాళ్ల పక్షమే. "నాన్నా, ఇవాళ ఇంజన్ అంటావు, రేపు గేర్‌బాక్స్, ఎల్లుండి హైడ్రాలిక్. ఎంతకని?"

ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కానీ మా పొలానికి ఏడాదికి ట్రాక్టర్ ఎన్ని గంటలు కావాలి అని ఆ ముగ్గురిలో ఎవరూ అడగలేదు. నా దృష్టిలో మొదట తేలాల్సింది అది. ఇంజన్ సంగతి ఆ తర్వాత.

గంటలు ఎలా తేల్చాలి

మీటరు పనిచేస్తుంటే సులువు. అయితే పాత బళ్లలో ఉండే మెకానికల్ మీటరు ఇంజన్ తిరుగుడుని బట్టి నడుస్తుంది. నిర్ణయించిన ఆర్.పి.ఎం. దగ్గర గంట తిరిగితేనే అది గంట చూపిస్తుంది, నెమ్మదిగా తిప్పితే గంటకి తక్కువే చూపిస్తుంది. పైగా చాలా బళ్లకి ఆ కేబుల్ ఎప్పుడో తెగి ఉంటుంది. అప్పుడు డీజిల్ లెక్క పట్టుకోవాలి. ట్యాంకు అంచుదాకా నింపండి, ఒక పని మొదలెట్టిన టైము, ఆపిన టైము రాసుకోండి, మళ్లీ అంచుదాకా నింపండి. గంటకి ఎన్ని లీటర్లు తాగుతోందో తెలుస్తుంది. దమ్ముకి వేరుగా, ట్రక్కు తోలడానికి వేరుగా చూసుకోండి, రెండూ ఒకటి కావు. ఏడాది మొత్తం బంకులో కొన్న డీజిల్‌ని దాంతో భాగిస్తే గంటలు వచ్చేస్తాయి.

మాది దుగ్గిరాల, కొల్లిపర వైపు. మొత్తం 12 ఎకరాలు. 7 వరి, 3 పసుపు, కంద కలిపి, 2 ఎకరాలు అరటి. రసాయనాలతో చేసే రోజుల్లో నా డైరీ ప్రకారం ఏడాదికి 420 గంటలు తిరిగేది. ఇప్పుడు 190. తగ్గింది ఎక్కడంటే దుక్కుల్లో. అరటి తోటలో ఆచ్ఛాదన వేశాక చాళ్ల మధ్య గొర్రు దించే పనే లేదు. వరి వెనక మినుము, పెసర మన డెల్టాలో తాతల నాటి నుంచి దున్నకుండానే చల్లుతున్నాం, అది ఎలాగూ ఉంది. నవధాన్యాలు చల్లిన చోట ఒక్కసారి రోటవేటర్ వేసి కలియదున్నితే చాలు, ముందులా రెండు మూడు సాళ్లు అక్కర్లేదు. మిగిలిన గంటలు దమ్ము, పసుపు బోదెలు, పేడ, ఘనజీవామృతం తోలకం, పి.టి.ఒ. మీద కొమ్మలు, ఆకులు ముక్కలు చేసే మిషను.

ఇక్కడే ఒక మాట. "ప్రకృతి వ్యవసాయం చేస్తూ ట్రాక్టర్ ఏంటి, ఎడ్లు పెట్టుకోవచ్చుగా" అని అడిగేవాళ్లున్నారు. ఎడ్లు పెట్టుకుని చేయగలిగినవాళ్లకి దణ్ణం పెడతాను. 7 ఎకరాల దమ్ము కాలవ నీళ్లు వచ్చిన వారంలో అయిపోవాలి, తోలే మనిషి దొరకాలి. నాకు కుదరడం లేదు.

నిజంగా బోరుకొచ్చిందా?

పొగ రాగానే ఇంజన్ దించేయకూడదు. బోరుకొచ్చిన లక్షణాలనే చూపించే చిన్న జబ్బులు కొన్ని ఉన్నాయి.

నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఆయిల్ బాత్ ఫిల్టర్ ఉన్న పాత బళ్లలో అడుగు గిన్నెలో నూనె గుర్తుదాకా ఉండాలి, అందులో బురద పేరుకోకూడదు. మనవాళ్లు ఆచ్ఛాదన కోసం ఎండుకొమ్మలు, మొక్కజొన్న దంట్లు మిషనులో వేస్తారు. ఆ పనప్పుడు లేచే దుమ్ము దుక్కిలో కూడా లేవదు. ఆ రోజుల్లో నేను పూటకోసారి ఆ గిన్నె తీసి చూస్తాను. సిలిండర్లని తినేసేది ఆ దుమ్మే, అది లైనర్‌కీ రింగుకీ మధ్య సానరాయిలా పనిచేస్తుంది.

తెల్ల పొగ స్టార్టింగులో కాసేపు వచ్చి పోతే డీజిల్ సరిగా మండటం లేదని. వేడెక్కినాక కూడా ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. ఆయిల్ కర్ర తీసి చూడండి. నూనె మజ్జిగలా తెల్లబారితే నీళ్లు కలిశాయి. ఆ బండిని ఇక ఒక్క గంట కూడా తిప్పొద్దు.

నీలం పొగ అంటే నూనె మండుతోంది. రింగులూ లైనరూ అరిగి అయినా కావచ్చు, వాల్వ్ గైడ్లు అరిగి అయినా కావచ్చు. ఈ రెంటికీ ఖర్చులో చాలా తేడా ఉంది. గైడ్ల పని హెడ్ ఒక్కటి దించితే అయిపోతుంది. తేడా పట్టడానికి రెండు పరీక్షలు చేయించాం, వీడియోలో వరసగా ఉన్నాయి.

మొదటిది మీరే చేసుకోవచ్చు. ఇంజన్ వేడెక్కాక, స్లోలో తిరుగుతుండగా నూనె పోసే మూత ఊడదీసి, తిరగేసి ఆ కన్నం మీద ఊరికే పెట్టండి. కాస్త ఆవిరి రావడం మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ, గుప్పు గుప్పుమని పొగ కొడుతుంటే పైన మండిన గ్యాసు రింగులు దాటి కిందికి దిగుతోందన్నమాట.

రెండోది మెకానిక్ చేయాలి. నాజిల్ తీసి, ఆ కన్నంలో గేజి బిగించి కంప్రెషన్ చూస్తాడు. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదు కదా. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. నొక్కుడు తగ్గితే వేడి తగ్గుతుంది, పొద్దుటి పూట స్టార్ట్ కాదు. గేజిలో తక్కువ వస్తే అదే కన్నంలో ఒక చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూస్తాడు. అప్పుడు కంప్రెషన్ పెరిగితే లోపం రింగుల దగ్గర, పెరక్కపోతే వాల్వుల దగ్గర. చెంచాడు అంటే చెంచాడే. నూనె గాలిలా నలగదు, ఎక్కువ పోస్తే ఇంజన్‌కే దెబ్బ. మాకు మూడు సిలిండర్లలో రెండింటికి నూనె పోశాక బాగా పెరిగింది.

ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూసే పద్ధతి కూడా ఉంది. అది మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి. అక్కడ చిమ్మే డీజిల్ ఒత్తిడికి చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు.

ఇప్పుడు ఊడదీసి కొలవడం

ఊడదీశాక ఏం చేయించుకోవాలో తేల్చేది కొలత. లేత్ షాపులో చీటీ రాయించుకోండి. "బాగానే ఉందండీ" అన్న మాటతో బయటికి రావద్దు. తెనాలి, గుంటూరు దగ్గరే ఉన్నా మేము క్రాంకు, బ్లాకు విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. ఒకే వీధిలో గ్రైండింగు, హెడ్ పని, పంపు పని అన్నీ దొరుకుతాయి, నాలుగు చోట్ల రేటు అడగొచ్చు.

లైనర్ అరుగుదల ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటి చెబుతాను. లైనర్ పైభాగంలో, రింగు ఆగే చోట గోరు పెట్టి రుద్దండి. మెట్టులా తగిలితే అరిగింది. ఎంత అరిగిందో తెలియాలంటే పాత రింగు ఒకటి తీసుకుని లైనర్‌లో అడుగున, అరగని చోట తిన్నగా నిలబెట్టి, రింగు రెండు కొసల మధ్య సందుని ఫిల్లర్ గేజితో కొలవండి. అదే రింగుని పైన, మెట్టు కిందుగా పెట్టి మళ్లీ కొలవండి. రెండు సందుల తేడాని 3.14తో భాగిస్తే లైనర్ వ్యాసం ఎంత పెరిగిందో వస్తుంది. మాకు అడుగున 0.30 మి.మీ., పైన 0.95 మి.మీ. వచ్చింది. తేడా 0.65. అంటే పైన సుమారు 0.2 మి.మీ. వెడల్పయింది. ఇలా పైన వెడల్పు, కింద ఇరుకు అయిపోయిన లైనర్‌లో కొత్త రింగులు వేస్తే, పిస్టన్ పైకీ కిందికీ వెళ్లిన ప్రతిసారీ రింగు విచ్చుకుని ముడుచుకుంటూ ఉంటుంది. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, మళ్లీ మొదటికి వస్తుంది. "రింగులు మార్చేద్దాం, తక్కువలో పోతుంది" అనేవాళ్ల మాట ఇందుకే నేను వినను. లైనర్ అరగకుండా రింగులే విరిగినప్పుడు ఆ పని చేయించుకోవచ్చు.

చాలా ట్రాక్టర్లలో లైనర్ బయటికి లాగేసి కొత్తది వేసే రకం. లైనర్ చుట్టూ నీళ్లు తిరుగుతాయి. పాత లైనర్ బయటి వైపు చూడటం మర్చిపోవద్దు. సూదితో పొడిచినట్టు గుంటలు కనబడితే అది ఉత్త నీళ్లు పోసిన ఫలితం. ఇంజన్ అదురుడుకి లైనర్ గోడ మీద సన్న బుడగలు పుట్టి పగులుతూ ఉంటాయి, అవి ఇనుముని కొరికేస్తాయి. కూలెంట్‌లో ఉండే మందు దీన్ని చాలావరకు ఆపుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో అయితే ఉత్త నీళ్ల వల్ల రేడియేటర్‌లో గార కట్టి ఇంజన్ వేడెక్కడం దీనికి అదనం.

పని చేయించాలా వద్దా అనేదాన్ని అసలు తేల్చేది క్రాంకు షాఫ్టు, బ్లాకు. క్రాంకు అరిగితే గ్రైండింగు చేసి ఒక సైజు తగ్గిస్తారు, ఆ సైజుకి తగ్గ బేరింగులు వేస్తారు. ఒక్కో మెట్టు 10 థౌ, అంటే 0.25 మి.మీ. 10, 20, 30 అలా దిగుతూ పోతుంది. మీ బండి ఇప్పటికే ఆఖరి సైజులో ఉందా అని అడగండి. ఉంటే గ్రైండింగు ఇక కుదరదు, క్రాంకే మార్చాలి, అప్పుడు లెక్క మారిపోతుంది. మాది మొదటిసారి విప్పిన ఇంజన్, 10 సైజుకి సరిపోయింది. బ్లాకు పగుళ్లకి రంగు మందు పూసి చూశారు, ఏమీ లేదు. అక్కడితో నాకు సగం నిర్ణయం అయిపోయింది.

బ్లాకు పగిలితే కొందరు పాత సామాన్ల దుకాణంలో ఇంకో బండి బ్లాకు తెచ్చి వేసేస్తుంటారు. ఇంజన్ నంబరు కొట్టి ఉండేది దాని మీదే. ఆర్.సి.లో మార్పించుకోకుండా వేస్తే రేపు ఇన్సూరెన్సుకి, అమ్మకానికి చిక్కే. ఆ బ్లాకు ఎక్కడి బండిదో మనకి తెలియదు కూడా.

ఖర్చు, డైరీలో ఉన్నది ఉన్నట్టు

మెకానిక్ మొదట చెప్పిన అంచనా 45 వేలు. చివరికి అయింది 78 వేలు. ఇందులో మోసమేమీ లేదు, విప్పకముందు చెప్పే అంచనా ఎప్పుడూ అంతే. లైనర్లు, పిస్టన్లు, రింగుల కిట్టు, బేరింగులు, క్రాంకు గ్రైండింగు కలిపి 23,700. హెడ్‌లో గైడ్లు, వాల్వులు, సీట్లు, డీజిల్ పంపు క్యాలిబ్రేషన్, నాజిళ్లు 16,300. ఆయిల్ పంపు, గ్యాస్కెట్లు, సీళ్లు 6,500. ఇక్కడికి 46,500. మిగిలినవి అంచనాలో లేనివి. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, రేడియేటర్ శుభ్రం, హోసులు 11,500. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ 5,000. కూలీ, ఆటోనగర్ రవాణా 15,000.

క్లచ్ పనికి ఏం తొందర అని మా అబ్బాయి అడిగాడు. ఇంజన్ దించాలంటే బండిని మధ్యలో రెండు ముక్కలుగా విడదీయాలి. క్లచ్ మార్చాలన్నా అదే పని. ఇప్పుడు వదిలేస్తే ఏడాది తర్వాత అదే కూలీ మళ్లీ ఇవ్వాలి. క్రాంకు వెనక ఆయిల్ సీలు కూడా అంతే, వస్తువు చిన్నది, అక్కడికి చేరడానికే ఖర్చు.

ఇక కొత్తది. అదే హెచ్.పి. బండికి షోరూమ్ వాళ్లిచ్చిన కొటేషన్ 6,40,000. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అది తీసేశాక వచ్చిన రేటే ఇది. మా పాత బండికి 1,30,000 కడతామన్నారు. చేతి నుంచి 10 వేలు పోగా 5 లక్షలు లోను. వడ్డీ 11 శాతం, ఆరు నెలలకోసారి కిస్తీ, ఐదేళ్లు. లెక్క వేస్తే ఒక్కో కిస్తీ సుమారు 66,300 వస్తుంది. అలాంటివి పది. మొత్తం కట్టేది 6,63,000. మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే దాదాపు 53 వేలు.

మొత్తం ఇంజన్ పని ఖర్చు 78 వేలు, ఒక్క కిస్తీ 66 వేలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపిస్తే మా అబ్బాయి ఇంక మాట్లాడలేదు. అయినా అంతటితో ఆగితే లెక్క పూర్తి కాదు, కొత్త బండి లాభాలు కూడా కలపాలి. కలిపాను.

పని చేయించిన ఇంజన్ 2,500 గంటలు నడుస్తుందని పెట్టుకున్నాను. గంటకి 31 రూపాయలు. మా అబ్బాయి భయం కూడా నిజమే కాబట్టి గేర్‌బాక్సు, హైడ్రాలిక్, టైర్లు, వైరింగు వగైరాలకి ఏడాదికి 10 వేలు వేశాను. 190 గంటల మీద పంచితే గంటకి 53. కొత్త బండి గంటకి అర లీటరు డీజిల్ ఆదా చేస్తుందనుకుంటే, ఆ తేడా పాత బండి మీదే వేయాలి, దానికి 48. మొత్తం 132 రూపాయలు.

కొత్త బండికి చేతి నుంచి పెట్టేది, కిస్తీలు కలిపి 6,73,000. పదేళ్లకి అమ్మితే 2 లక్షలు వస్తాయనుకుందాం. మిగతా 4,73,000 పదేళ్లలో 1,900 గంటల మీద పడుతుంది. గంటకి దాదాపు 250.

ఇప్పుడు మా తోడల్లుడి లెక్క. ఆయన సొంత పొలం నాలుగెకరాలే, కానీ ఊరంతా కిరాయికి దున్నుతాడు. ఏడాదికి 800 గంటలు. పదేళ్లకి 8,000 గంటలు తిరిగిన బండికి లక్షన్నర వస్తుందనుకున్నా, కొత్త బండి ఆయనకి గంటకి 65 రూపాయలే పడుతుంది. పైగా దమ్ముల వారంలో బండి ఆగిపోతే పోయేది రిపేరు ఖర్చొక్కటే కాదు, ఆ సీజన్ కిరాయి పోతుంది, పిలిచే రైతులు ఇంకొకడి దగ్గరికి పోతారు. ఆయన పోయిన ఏడాది కొత్తది కొన్నాడు, సరైన పని చేశాడు. ఆ బండి చూసి నేను కొంటే మాత్రం నా 12 ఎకరాలు ఆ కిస్తీ మోయలేవు. మోయాలంటే నేను కూడా కిరాయికి దిగాలి, ఊళ్లో పొలాలన్నీ దున్నాలి. దున్నకం తగ్గించమని చెప్పే నేను, కిస్తీ కోసం దున్నకం పెంచాలి!

మీ లెక్కలో నా అంకెలు వేయకండి. మీ గంటలు, మీ కొటేషన్, మీ మెకానిక్ బిల్లు వేయండి. మా అంకెల మీద రెండు దార్లూ సమానమయ్యేది ఏడాదికి దాదాపు 470 గంటల దాకా వెళ్తే. మీకు వేరేగా రావచ్చు.

ఇంజన్ పని చేయించకూడని బళ్లు కూడా ఉన్నాయి. క్రాంకు ఆఖరి సైజు దాటినవి, బ్లాకు పగిలినవి, ఇంజన్‌తోపాటు గేర్లు, హైడ్రాలిక్ కూడా ఒకేసారి అయిపోయినవి, కంపెనీ మూతపడి సామాన్లు దొరకనివి. ఇంకోటి, మూడు నాలుగెకరాల రైతుకి ఏడాదికి 60, 70 గంటలే పని ఉంటుంది. ఆయనకి పాతదీ వద్దు, కొత్తదీ వద్దు. బండి అమ్మేసి ఆ డబ్బుతో ఒక ఆవుని, నాలుగు డ్రమ్ములని కొనుక్కుని, దమ్ముకి కిరాయి బండి పిలుచుకోవడం మేలు. చెబితే కోపం వస్తుంది, ఇంటి ముందు ట్రాక్టర్ ఉంటే ఆ గౌరవం వేరు అంటారు. సరే.

కొత్తది కొనేవాళ్లు ఒకటి తెలుసుకోండి. 2023 జనవరి నుంచి 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, వాటిలో డీజిల్ కొట్టే పని కంప్యూటర్ చూసుకుంటుంది. పొగ, డీజిల్ తక్కువ, మంచిదే. కానీ ఊళ్లో మెకానిక్ రెంచి పట్టుకుని బాగుచేసేది కాదు, కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌తో రావాలి. మనకి 50 లోపు సరిపోతే ఆ పైకి పోకండి.

ఆయిల్ ఇంజన్ల గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. మురుగు కాలవల నుంచి నీళ్లు తోడే 5 హెచ్.పి. ఇంజన్‌కి ఒకటే సిలిండర్, పని తేలిక, కిట్టు మార్చి మళ్లీ వాడుకోవచ్చు. 650 ఆర్.పి.ఎం. మీద డుగ్గు డుగ్గుమని తిరిగే పాత లిస్టర్ రకం, రాజ్‌కోట్‌లో తయారైనవి, మీ దగ్గర ఉంటే అమ్మకండి. బరువుగా ఉంటాయి, నెమ్మదిగా తిరుగుతాయి, తొందరగా అరగవు. కాకపోతే అక్కడికి కరెంటు లైను వచ్చే దారి ఉందా, పి.ఎం. కుసుమ్‌లో సబ్సిడీ సోలార్ మోటారు మీ జిల్లాలో ఇస్తున్నారా అని కనుక్కున్నాకే దాని మీద డబ్బు పెట్టండి.

బిగించాక

కొత్తగా పని చేయించిన ఇంజన్‌ని నాలుగు రోజులు ఖాళీగా స్లోలో తిప్పాలని మన వైపు ఒక అలవాటు. అది వద్దు. రింగులు లైనర్‌లో కుదురుకోవాలంటే కాస్త బరువు పడాలి. ఊరికే తిప్పితే లైనర్ గోడ అద్దంలా నునుపు తేలి, రింగు పట్టు దొరక్క, కొత్త ఇంజనే నూనె తాగడం మొదలెడుతుంది. అలాగని వెంటనే కేజ్ వీల్స్ వేసి దమ్ములోకీ దించకూడదు. మేము మొదటి 50 గంటలు ట్రక్కుతో పేడ తోలాం, ఎండు పొలంలో తేలిగ్గా కల్టివేటర్ లాగించాం, ఒకే స్పీడులో కాకుండా మార్చి మార్చి తిప్పాం. మొదట్లోనే ఒకసారి హెడ్ నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించి, టాపెట్లు సరిచేశారు. 50 గంటలకి ఇంజనాయిల్, ఫిల్టరు మార్చేశాం. ఆ నూనెలో సన్నటి ఇనుప రజను కనబడుతుంది, కంగారు పడొద్దు, మొదటిసారి మామూలే. ఇప్పటికి 70 గంటలు తిరిగింది, ఆయిల్ కర్ర మీద గుర్తు కదల్లేదు, పొద్దున్నే మొదటి కిక్కుకే ఎత్తుకుంటోంది.

అన్నట్టు, దించిన నల్ల నూనె సంగతి. గట్టు మీద గడ్డి చావడానికి పోస్తారు, పాకల గుంజలకి చెద పట్టకుండా పూస్తారు, చేనులో కాలవ పక్కనే ఊడదీసి వదిలేస్తారు. అందులో ఇంజన్ లోపల అరిగిన లోహాలు, మండిన మసి అన్నీ ఉంటాయి. మనం వానపాముల కోసం ఇంత చేస్తూ ఆ నూనె మట్టిలో పోయలేం. మేము పాత క్యానులోకి పట్టి మూత పెట్టి ఉంచుతాం, ఆటోనగర్ వెళ్లినప్పుడు పాత నూనె కొనేవాళ్లకి ఇచ్చేస్తాం. లీటరుకి కొంత డబ్బు కూడా ఇస్తారు.